గంపెడు ఉప్పు

కుప్పలో చెయ్యి పెడితే కాలాలి. మోచేతి దాకా దూర్చి పది లెక్కపెట్టేలోపు, ఇక ఓర్చుకోలేక లాగేసుకోవాలి. అట్లా కాలితేనే లోపల పని జరుగుతున్నట్టు అని బెన్హర్ సారు చెప్పినాడు. ఆ పొద్దున కూడా రోజా పైటకొంగు బొడ్లో దోపుకొని, చెత్తకుప్ప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి లోపలికి పోనిచ్చింది. అరటితొక్కలు, కుళ్ళిన టమాటాలు, కొబ్బరిపీచు, చేపల పొలుసు, అన్నీ చేతికి తగిలినాయి. వేడి మాత్రం తగల్లేదు. పది లెక్కపెట్టింది. ఇరవై. యాభై దాకా పోయింది. కుండలో నీళ్ళలో చెయ్యి పెట్టినట్టే ఉంది.

ఈ పని మొదలైన పద్నాలుగో రోజు అది. బెన్హర్ సారు ఇచ్చిన పొడవాటి ఇనప థర్మామీటరు గుచ్చి చూస్తే ముప్పై ఒకటి చూపించింది. నిన్న కూడా అంతే, మొన్న కూడా అంతే. బయట గాలికి ఎంత వేడి ఉందో కుప్పకూ అంతే వేడి. నోటుపుస్తకంలో ముప్పై ఒకటి అని రాసింది. కుప్ప ఎందుకు కాలడం లేదో పాళెం మొత్తంలో తనకొక్కదానికే తెలుసు.

ఇసకదిబ్బ పాళెంలో సునామీ తర్వాత కట్టిన కాలనీ అది. నాలుగు వరసల ఇళ్ళు. రోజా వాళ్ళది నాలుగో వరసలో చిట్టచివరిది. ముందు తలుపు తీస్తే మూడో వరస ఇళ్ళ వీపులు, వాటికి అవతల సముద్రం. వెనక కిటికీ తీస్తే చెత్తదిబ్బ, దాని వెనక కాలువ. ఇల్లు కట్టిన రోజుల్లో అక్కడ దిబ్బ లేదంట, సరుగుడు చెట్లు ఉండేవంట. ఇప్పుడు పాళెం చెత్తే కాకుండా టౌను నుంచి కూడా రోజూ రెండు ట్రాక్టర్లు వచ్చి అక్కడే బోర్లిస్తాయి. నాలుగేళ్ళ కిందట రోజా కొత్త కోడలిగా వచ్చినప్పుడు దిబ్బ కిటికీ చువ్వల కింద అంచుకు ఉండేది. ఇప్పుడు కిటికీలోంచి చూస్తే ఆకాశం కనపడాలంటే వంగి చూడాలి.

చోటు చాలక దాన్ని తగలబెడతారు. ట్రాక్టరు తోలే పెంచల్ మంగళవారం ఒకసారి, శనివారం ఒకసారి అగ్గిపుల్ల గీస్తాడు. సాయంత్రం పెట్టిన నిప్పు పైకి ఆరినట్టే ఉండి లోపల రాజుకుంటూనే ఉంటుంది. తెల్లారి నేల మీద నుంచి సముద్రం మీదికి గాలి తిరిగేసరికి ఆ పొగంతా నేరుగా రోజా ఇంట్లోకి వస్తుంది. ప్లాస్టిక్ కవర్లు, చెప్పులు, టైరుముక్కలు కాలిన పొగ. కిటికీ రెక్కల సందుల్లో పాత చీర కుక్కి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళలో కిటికీ ఒక్కసారి కూడా తెరవలేదు.

రెండేళ్ళంటే చిట్టి వయసే. బిడ్డకు ఆరో నెల నిండకముందే రొమ్ములో పిల్లికూతలు మొదలైనాయి. పొగ వచ్చిన తెల్లవారి నోరు తెరుచుకొని, డొక్కలు ఎగరేస్తూ, ఊపిరి కోసం పెనుగులాడుతుంది. రోజా ఒళ్ళో కూర్చోబెట్టుకొని ఆ ఎగిరే డొక్కల మీద చెయ్యి వేసి ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటుంది. టౌనులో పిల్లల డాక్టరు చెవుల్లో గొట్టాలు పెట్టుకొని విని, ఆవిరి పట్టే మిషను రాసిచ్చి, ఇల్లు మార్చమ్మా అన్నాడు. చీర మార్చమన్నంత తేలిగ్గా అన్నాడు. రోజా తలూపి వచ్చేసింది.

ఎక్కడికి మారేది? మొగుడు శివశంకర్ చెన్నై హార్బరులో పెద్ద బోట్ల మీద పనికి పోతాడు. ఒడ్డుకు వచ్చినప్పుడు ఫోను చేసి, ఇంకో రెండు ట్రిప్పులు పోనీ చూద్దాం అంటాడు. ఆ రెండు ట్రిప్పులు ఏడాది నుంచీ అవుతానే ఉన్నాయి. పులికాట్ ఒడ్డున అమ్మగారింట్లో రెండు గదులు, ఇద్దరు అన్నలు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు. రోజా నోరు తెరవకముందే వాళ్ళమ్మ, చిట్టికి ఈడి నీళ్ళు పడవులే పాపా అనేసింది. ముందు సముద్రం, వెనక దిబ్బ, మధ్యలో తను. అంతకుమించి రోజాకు ఈ లోకంలో చోటు లేదు.

అట్లాంటప్పుడు వచ్చినాడు బెన్హర్ సారు. సన్నటి మనిషి, చెత్తతో ఎరువు చేయించే సంస్థ తరఫున వెంకటాచలం నుంచి మోటరుసైకిలు మీద వచ్చేవాడు. చెత్తను కాల్చక్కర్లేదనీ, తడిచెత్తను వేరుచేసి దాని మీద బ్యాక్టీరియా నీళ్ళు చల్లితే నలభై అయిదు రోజుల్లో మట్టి అవుతుందనీ, ముందు ఒక చిన్న కుప్ప మీద చేసి చూపిస్తాననీ పాళెం పెద్దల ముందు చెప్పినాడు. వాళ్ళందరికీ పెద్ద, పెద్దకాపు చిన్నపోలయ్య బాగా ఆలోచించి దురాయి వేసినాడు. దురాయి అంటే పెద్దల కట్టుబాటు. దాన్ని దాటినవాళ్ళకు తప్పు పడుతుంది, అది ఎవరైనా సరే. నలభై అయిదు దినాలు దిబ్బకు ఎవురూ నిప్పు పెట్టకూడదు, కుప్ప మీద ఎవురూ చెయ్యి వెయ్యకూడదు, ఆ తరవాత చూసి చెప్తాం అని చాటించినారు. కుప్ప మట్టి అయితే దిబ్బ మొత్తానికీ అదే పద్ధతి. కాకపోతే మళ్ళీ పెంచల్ అగ్గిపెట్టే.

కుప్పను చూసుకునే పని రోజాకు వచ్చింది. ఇల్లు దగ్గర, పైగా అక్షరం ముక్క వచ్చు.

ఇంటి వసారాలో నీలం రంగు డ్రమ్ము పెట్టించినాడు బెన్హర్ సారు. నీళ్ళు, పేడ, బెల్లం, పుల్లటి మజ్జిగ, సరుగుడు తోపులో ఆకు కుళ్ళిన చోట తవ్విన గుప్పెడు మట్టి, అన్నీ అందులో కలిపి, పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పమన్నాడు. "ఇది మందు కాదు రోజమ్మా. ఇందులో ఉన్నవి ప్రాణమున్నవి. ఎక్కడినుంచో తెచ్చినవి కాదు, మీ మట్టిలో ఉన్నవే. బెల్లం పెట్టి మందను పెంచుతున్నాం, అంతే. వారం రోజులకి కుప్ప మీద వదిలితే అదంతా వాటికి తిండి."

ప్రాణమున్నవి అన్న మాట దగ్గరే రోజా గుండె ఆగింది. బ్యాక్టీరియా సంగతి ఆమె తొమ్మిదో తరగతిలో విన్నది. టీచరు బోర్డు మీద వరసగా రాసింది: కలరా, టైఫాయిడ్, క్షయ, ధనుర్వాతం. ఇవన్నీ కంటికి కనపడని ఆ జీవుల పనేనని చెప్పి, మంచి చేసేవి కూడా ఉన్నాయి, వాటి గురించి రేపు చెప్పుకుందాం అనింది. ఆ రేపు రోజాకు రాలేదు. ఆ సాయంత్రమే వాళ్ళమ్మ పడవ దగ్గర జారి కాలు విరగ్గొట్టుకుంది. చేపల గంప నెత్తికెత్తుకోవడానికి ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు. పాఠంలో సగమే రోజాతో ఉండిపోయింది.

ఆ సగం పాఠం ఇప్పుడు నీలం డ్రమ్ములో ఉంది. మూడో రోజుకు నురగ లేచింది, పుల్లటి కల్లు వాసన కొట్టింది. మూత గట్టిగా పెట్టకూడదంట, వాటికి గాలి కావాలంట. ఇంట్లో బిడ్డకు లేని గాలి వీటికి కావాలా అనుకుంది రోజా. తిప్పేటప్పుడు చిట్టి దగ్గరికి రాకుండా పాత వలతాడు నడుముకు కట్టి వసారా స్తంభానికి ముడేసేది. బిడ్డ తాడు అందినంత దూరం వచ్చి, చేతులు చాచి ఏడ్చేది.

నాలుగో రోజు ముడి సరిగ్గా పడలేదేమో, రోజా పొయ్యి దగ్గర నుంచి వచ్చి చూసేసరికి చిట్టి డ్రమ్ము పక్కన నిలబడి ఉంది. మూత అంచున కారిన నురగ అరచేతికి పూసుకొని, బెల్లం తీపి తగిలిందేమో, శ్రద్ధగా నాకుతా ఉంది. రోజా బిడ్డ నోట్లో వేలు పెట్టి, కక్కించి, ఉప్పునీళ్ళతో కడిగి, గంటసేపు ఎత్తుకొనే తిరిగింది. ఆ సాయంత్రం చిట్టి రెండుసార్లు దగ్గింది. పొగ లేదు, అయినా దగ్గింది. రోజా తలలో టీచరు రాసిన బోర్డు తప్ప ఇంకేమీ లేదు.

మరుసటి పొద్దున అత్త పిచ్చమ్మ నెత్తళ్ళ చేపలు ఎండేసుకునేందుకు దిబ్బెక్కింది. పాళెంలో చేపలు ఎండబెట్టే ఇసక మిట్టను కూడా దిబ్బ అనే అంటారు. వంతుల ప్రకారం ఇంటికింత చోటు. అత్త అటు పోగానే రోజా ఇంటి పక్కన తాటాకు చాప కింద ఉన్న కల్లుప్పు రాశి దగ్గరికి పోయింది. చేప మెత్తబడుతుంటే ఏం చేస్తారు? ఉప్పేస్తారు. వాసన వస్తుంటే ఏం చేస్తారు? ఇంకాస్త వేస్తారు. ఏ ఆలోచనా అక్కర్లేకుండా పాళెంలో పుట్టిన ఆడదాని చేతులు చేసే పని అది. రోజా గంప నిండా ఎత్తి డ్రమ్ములో పోసి, కర్ర పెట్టి తిప్పింది. కాసేపటికి నురగ అణిగింది. మధ్యాహ్నానికి వాసన పోయింది. ఆ రోజు అన్నం తిన్నాక రోజా బిడ్డను పక్కలో వేసుకొని చాలారోజుల తర్వాత కన్ను మూసి నిద్రపోయింది.

చంపుదామని కాదు. కొంచెం అణిగి ఉంటాయని.

ఏడో రోజు బెన్హర్ సారు వచ్చి మూత తీసి చూసి, నురగ తగ్గిందే అని గొణుక్కొని, రాత్రిళ్ళు చల్లగాలి గదా అని తనే సమాధానం చెప్పుకొని, ఆ నీళ్ళు కుప్ప మీద చల్లించినాడు. రోజా చెంబుతో చల్లింది. ఉప్పే గదా, మనం తినేదే గదా అనుకుంది.

పదో రోజుకు కుప్ప కాలాలి. కాల్లేదు. బెన్హర్ సారు నీళ్ళు ఎక్కువైనాయేమో అన్నాడు. పేడ పాతదేమో అన్నాడు. కుప్పను పారతో తిరగేయించి మళ్ళీ గుచ్చి చూసినాడు. అప్పుడు రోజా, ఏదో మాటకు మాట అన్నట్టు, ఉప్పు తగిలితే వీటికేమన్నా అవుతుందా సార్ అని అడిగింది.

ఆయన నవ్వినాడు. "మీరు చేపల్ని ఉప్పులో ఎందుకేస్తారమ్మా? కుళ్ళబెట్టేవి చచ్చిపోవాలనే గదా. మనకి కావాల్సింది ఆ కుళ్ళబెట్టేవే."

చిన్నప్పటి నుంచీ చేస్తున్న పనికి అర్థం రోజాకు ఆ క్షణాన తెలిసింది. చెప్పేయాల్సింది అప్పుడే. కానీ ఆయన అప్పటికే హెల్మెట్ పెట్టుకున్నాడు. అదే సందు అని రోజా కూడా ఊరుకుంది.

అప్పటినుంచీ రోజులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ వచ్చినాయి. విచిత్రమేమంటే, ఆ రోజులన్నీ చిట్టికి బాగున్నాయి. దురాయి భయానికి పెంచల్ అగ్గిపెట్టె తియ్యలేదు. పొగ లేదు. చిట్టి నోరు మూసుకొని నిద్రపోతోంది. బిడ్డ ముక్కుతో ఊపిరి పీల్చడం రోజా ఇన్నాళ్ళకు ఇప్పుడే చూస్తోంది. ఆ సుఖం కళ్ళారా చూస్తూ, దాన్ని తన చేతులతో తనే తీసేసిందని తెలిసి, లోపల లోపల ఉడికిపోయింది. నలభై అయిదో రోజున పెద్దలు వచ్చి కుప్పలో చెయ్యి పెడతారు. చల్లగా ఉంటే, ఇది మన దగ్గర పనికొచ్చేది కాదు అంటారు. ఇక జన్మలో ఎవరూ ఆ మాట ఎత్తరు. చిట్టికి మిగిలింది ముప్పై రోజుల ఊపిరి.

ఒకరోజు పుస్తకంలో ముప్పై ఒకటికి బదులు యాభై అయిదు అని రాసింది. రాసి, సిరా ఆరకముందే కొట్టేసింది. కాగితం మీద కాలితే కుప్ప కాలినట్టా?

పిచ్చమ్మకు తెలిసిపోయింది. నలభై ఏళ్ళుగా ఉప్పుతో బతికిన మనిషి. రాశిలో గంపెడు తగ్గితే ఆమె కన్ను దాటుతుందా? పదహారో రోజు మధ్యాహ్నం ఆమె వసారాలోకి వచ్చి, డ్రమ్ము అడుగున మిగిలిన నీళ్ళలో వేలు ముంచి, చేపల తొట్టిలో ఉప్పునీళ్ళు రుచి చూసినట్టే నాలుక కొసకు తాకించి, పక్కకు ఊసింది. కోడలి వైపు చూసింది.

"గంపెడా?"

రోజా తలూపింది.

"నేను చూళ్ళా, నువ్వు చెప్పలా," అనింది పిచ్చమ్మ. "దురాయి కుప్పను చెడగొట్టిందని తెలిస్తే తప్పు నీ ఒక్కదాని మీద పడదుమే. ఇంటి మీద పడతాది. దిబ్బ మీద మన వంతు తీసేస్తే నేను నెత్తళ్ళు నా నెత్తి మీద ఎండేసుకునేదా?"

రోజా బిడ్డ సంగతి ఎత్తింది. పొగ మళ్ళీ వస్తే చిట్టి తట్టుకోలేదనింది. పిచ్చమ్మకు మనవరాలంటే ప్రాణమే, అయినా ఆమె ముఖం మారలేదు. పొగ రెండేళ్ళుగా ఉండేదే, బిడ్డ పెద్దదయితే అదే సర్దుకుంటాది, తిండి పోతే సర్దుకోదు అనింది. అంతే, ఆ మాట అక్కడితో మూసేసింది. రోజా కూడా మూసేసుకుంది. అత్త చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు.

పంతొమ్మిదో రోజు బెన్హర్ సారు మళ్ళీ వచ్చినాడు. ఈసారి నవ్వు లేదు. కుప్ప చుట్టూ రెండుసార్లు తిరిగి, కొట్టేసిన యాభై అయిదు కూడా చూసి పుస్తకం మూసి, ఎల్లుండి పెద్దలతో మాట్లాడి డ్రమ్ము తీసుకెళ్ళిపోతానన్నాడు. ఇంకో పాళెంలో అడుగుతున్నారంట. ఇక్కడి గాలికో నేలకో ఇది పడనట్టుంది అన్నాడు. ట్రాక్టరు మీద కూర్చుని వింటున్న పెంచల్ కాలు ఆడిస్తూ రోజాను పిలిచినాడు.

"మే రోజా, నీ పురుగులు నిద్రపోతుండాయా ఏంది? జోల పాడింది చాలు, లేపుమే. లేపకపోతే శనివారం నేనొచ్చి లేపుతా." చొక్కా జేబు మీద తట్టినాడు. లోపల అగ్గిపుల్లలు గలగలమన్నాయి.

పెంచల్ చెడ్డవాడేం కాదు. దారిలో కనపడితే చిట్టికి బిస్కెట్టు ఇస్తాడు. అయినా ఆ గలగల రోజా చెవుల్లోంచి పోలేదు. చెప్తే ఇంటి తిండి పోతుంది. చెప్పకపోతే బిడ్డ ఊపిరి పోతుంది. మూడో దారి ఉంటుందేమోనని రెండు రోజులు వెతికింది. శివశంకర్‌కు ఫోను చేస్తే, బోటు సముద్రంలో ఉన్నట్టుంది, అందుబాటులో లేరని చెప్పింది ఫోను. ఎల్లుండి కాస్తా రేపయింది, రేపు ఈరోజయింది.

పెద్దలు కూర్చునేది వలల షెడ్డులో. ఆడవాళ్ళు అందులోకి పోరు. ఏదన్నా చెప్పుకోవాలంటే షెడ్డు బయట ఎండలో నిలబడి, తమ తరఫున ఒక మగమనిషితో చెప్పించుకోవాలి. రోజాకు ఆ మగమనిషి సముద్రం మీద ఉన్నాడు. ఇరవై ఒకటో రోజు పొద్దున పది గంటలప్పుడు చిట్టిని చంకనేసుకొని ఆమె షెడ్డు బయట సిమెంటు స్తంభం పక్కన నిలబడింది. లోపల బెన్హర్ సారు కుర్చీలో కూర్చుని, ఇది కుదరలేదనీ, తప్పెవరిదీ కాదనీ చెప్తున్నాడు. చిన్నపోలయ్య వల కళ్ళు అల్లుతూ, తల ఎత్తకుండా వింటున్నాడు. తప్పెవరిదీ కాదు అన్న మాట రోజా చెవిన పడింది. వెనక్కి తిరిగి ఇంటికి పోతే ఆ మాట అట్లాగే నిలిచిపోతుంది, ఎవరికీ ఏమీ కాదు. చిట్టి ఆమె మెడలో పసుపుతాడు పట్టుకొని లాగింది. బిడ్డ ముక్కు నుంచి వచ్చే ఊపిరి వెచ్చగా, చప్పుడు లేకుండా రోజా భుజానికి తగిలింది.

"మామా, డ్రమ్ములో ఉప్పేసింది నేనే."

ఎవరికి చెప్తుందో చూడకుండానే అనేసింది. అనుకున్నదానికన్నా గట్టిగానే వచ్చింది. చిన్నపోలయ్య చేతిలో అల్లికకర్ర ఆగింది. ఆడది షెడ్డు ముందు గొంతెత్తడం ముందు పట్టిందో, ఉప్పు మాట ముందు పట్టిందో తెలియలేదు.

"ఎంతేసినావు?" అన్నాడు.

"గంపెడు."

వెనక కూర్చున్న ముసలాయన ఒకడు, చేపలనుకొనిందేమో పాపం అని నవ్వినాడు. ఇంకో ఇద్దరు నవ్వినారు. బెన్హర్ సారు మాత్రం కుర్చీలోంచి లేచి బయటికి వచ్చి, ఏ రోజు వేసింది, అంతకుముందు నురగ ఎట్లా లేచింది, వాసన ఎట్లా ఉండింది అని ఒకటొకటిగా అడిగినాడు. రోజా బిడ్డ నురగ నాకిన సంగతి కూడా చెప్పింది. ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. కోప్పడతాడనుకుంది. కోపం కాదు, ఆయన ముఖంలో బరువు దిగిన మనిషి చూపు ఉంది. "అయితే నేల పడకపోవడం కాదు," అన్నాడు పెద్దల వైపు తిరిగి. "అవి పని చేసేలోపే చచ్చిపోయినాయి. ఇంకొక్కసారి చూడనివ్వండి."

చిన్నపోలయ్య అల్లికకర్ర పక్కన పెట్టినాడు. తరవాత నింపాదిగా చెప్పినాడు. దురాయి నలభై అయిదు దినాలకే వేసినాం, ఒక్క దినం కూడా పెంచేది లేదు. మిగిలిన ఇరవై నాలుగు దినాల్లో ఏం చేసుకుంటారో చేసుకోండి. ఆ దినానికి కుప్ప కాలకపోతే నిప్పే. ఇక తప్పు సంగతి. తెలియక చేసినా చేసిందే. ఈ ఇరవై నాలుగు దినాలూ పిచ్చమ్మ ఇంటికి దిబ్బ మీద వంతు లేదు.

రోజా ఇంటికి వచ్చేసరికి ఆ మాట ఆమె కన్నా ముందే వచ్చి ఉంది. పిచ్చమ్మ తడి నెత్తళ్ళు గంపలోకి ఎత్తుకొని వసారాలో దింపింది. కోడలిని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. అన్నం తనే వండుకొని తనే తినింది. చేపలు ఎండేసేందుకు ఇంటి కప్పు మీద చోటు చేసుకుంది. కాకులు సగం తీసుకుపోయినాయి. అయిదు రోజులు ఆ ఇంట్లో చిట్టి గొంతు తప్ప ఇంకో గొంతు వినపడలేదు.

డ్రమ్ము కడిగి మళ్ళీ అక్కడే పెట్టినారు, ఆ వసారాలోనే. నీడ ఉన్న చోటు ఇంకోటి లేదు. బెన్హర్ సారు పేడ, బెల్లం తెచ్చినాడు గానీ మట్టి దగ్గర ఆగినాడు. సరుగుడు తోపు మట్టి తెచ్చుకోవచ్చు, కానీ ఈ చెత్తలో ఇంటింటి నుంచీ చేపల ఉప్పు ఎంతో కొంత వస్తూనే ఉంటుంది, దానికి ఆగేవి దొరికితే బాగుండు అని తనలో తనే అనుకున్నాడు. కప్పు మీద నుంచి నిచ్చెన దిగుతున్న పిచ్చమ్మ మధ్య మెట్టు మీద ఆగింది.

"చేపలు ఎండేసే దిబ్బ వెనకాల గుంట ఉండాదిగా," అనింది. ఆయనతో అనలేదు, కోడలితోనూ అనలేదు, నిచ్చెనతో అన్నట్టు అనింది. "మేం తలలూ పేగులూ పారేసేది, తొట్లో ఉప్పునీళ్ళు వొంపేది ఆ గుంటలోనే. నేనొచ్చినకాడ్నుంచి అంతే. అంత ఉప్పులోనూ ఆడ పారేసింది పారేసినట్టే మట్టయిపోతాది. పోయిన యేడు గుమ్మడిపాదు మొలిచి కాసినాది కూడా."

బెన్హర్ సారు ఆమె వైపు, ఆమె చూపించిన దిక్కు వైపు చూసినాడు. వెంటనే పార తీసుకున్నాడు. ఆ గుంట గట్టున జానెడు లోతు తవ్వితే నల్లటి మట్టి, తడిగా, వానకు నానిన మట్టి వాసన తప్ప ఇంకే వాసనా లేకుండా వచ్చింది. ఉప్పుకు అలవాటు పడినవి ఇందులో ఉంటాయేమో అన్నాడు. ఉంటాయని అనలేదు. ఉంటాయేమో అన్నాడు. రోజా ఆ ఏమో పట్టుకొని ఇంటికి వచ్చింది.

ఎనిమిది రోజులు డ్రమ్ము తిప్పింది. నురగ లేచింది, మునుపటికన్నా ఎక్కువే లేచింది. భయం ఎక్కడికీ పోలేదు. సగం పాఠం సగంగానే ఉంది. తాడు ముడి రెండుసార్లు లాగి చూసుకునేది. తిప్పడం అయినాక సబ్బుతో మోచేతుల దాకా కడుక్కొని గానీ బిడ్డను ముట్టుకునేది కాదు. చిట్టి ఏడ్చేది, రోజా తిప్పేది. ఉప్పురాశి అక్కడే, నాలుగు అడుగుల దూరంలో తాటాకు చాప కింద ఉంది. ఒకరోజు చేతులు అటు పోబోయినాయి కూడా. వాటిని నడుము వెనక్కి కట్టుకొని నిలబడింది.

పాత కుప్పను పక్కకు లాగించి, కొత్త చెత్తతో కొత్త కుప్ప వేసినారు. చల్లిన రెండో రోజు ముప్పై రెండు. మూడో రోజు ముప్పై నాలుగు. ముప్పై నాలుగంటే ఎండ కావచ్చు అనుకుంది, ఆశపడలేదు. నాలుగో రోజు పొద్దున పోయి చెయ్యి దూర్చింది. అరటితొక్కలు దాటి, పీచు దాటి, లోపలికి పోయేకొద్దీ వెచ్చగా, ఇంకా వెచ్చగా. ఆరు లెక్కపెట్టేసరికి చెయ్యి లాగేసుకుంది. మోచేతి కింద ఎర్రగా కమిలింది. ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకొని, చెత్తకుప్ప పక్కనే ఏడ్చింది. రెండేళ్ళుగా ఆమె చెయ్యి వేడి తగిలితే ఉలిక్కిపడేది. బిడ్డ నుదుటి మీద వేడి, బిడ్డ వీపు మీద వేడి. వేడి కావాలని మొక్కుకున్నది ఇదే మొదలు.

నలభై అయిదో రోజు పెద్దలు వచ్చినారు. కుప్ప అప్పటికి నడుమెత్తు నుంచి మోకాలెత్తుకు కుంగింది. పూర్తిగా మట్టి కాలేదు. కొబ్బరిపీచు పీచుగానే ఉంది, అక్కడక్కడా గుడ్డు పెంకులు తెల్లగా కనపడుతున్నాయి. బెన్హర్ సారు అదే చెప్పబోయినాడు. చిన్నపోలయ్య చెయ్యెత్తి ఆపినాడు. పంచె మడిచి కూర్చుని, మణికట్టు దాకా చెయ్యి పెట్టి, చటుక్కున తీసేసుకున్నాడు. ఆయన తరవాత మిగతావాళ్ళు ఒకరొకరుగా పెట్టి చూసినారు. పెంచల్ కూడా పెట్టి, అబ్బా అని చెయ్యి విదిలించుకొని, జేబు తడుముకోకుండా పక్కకు పోయి నిలబడినాడు.

"దిబ్బంతా అయ్యేదానికి ఎన్నాళ్ళు?" అని అడిగినాడు చిన్నపోలయ్య.

రెండేళ్ళు పట్టొచ్చు, ఇంకా మనుషులు కావాలి, టౌను ట్రాక్టర్లు వేరుచెయ్యకుండా తెచ్చి పోస్తే అదీ కష్టమే అని బెన్హర్ సారు ఉన్నదున్నట్టు చెప్పినాడు. చిన్నపోలయ్య దిబ్బను పైనుంచి కింద దాకా చూసినాడు. దాని పక్కన ఈ కుప్ప, ఏనుగు పక్కన పడుకున్న దూడంత ఉంది.

"ఇంకో నలభై అయిదు దినాలు," అన్నాడు. "దురాయి అట్నే ఉంటాది. తరవాత మళ్ళా వచ్చి చూస్తాం." లేచి పోతూ పోతూ, పిచ్చమ్మ ఇంటి వంతు రేపటినుంచి మామూలే అని ఎవరితోనో అన్నాడు.

రోజా ఇంటికి వచ్చింది. పిచ్చమ్మ వసారాలో కూర్చుని గంప అంచు ఊడిన చోట ఈనెలు కుట్టుకుంటోంది. కోడలి చెయ్యి మీద కమిలిన మచ్చ చూసి, కొబ్బరినూనె సీసా ఆమె వైపు జరిపింది. చిట్టి చాప మీద బోర్లా పడుకొని, నోరు మూసుకొని నిద్రపోతోంది.

ఎల్లకాలం ఊపిరి కాదు, నలభై అయిదు రోజుల ఊపిరి. దిబ్బ అట్లాగే ఉంది. మొగుడు సముద్రం మీదే ఉన్నాడు. నీలం డ్రమ్ము తలుపు పక్కనే ఉంది, రేపు మళ్ళీ పేడ పడాలి, మళ్ళీ తాడు కట్టాలి. రోజా చాలాసేపు వెనక కిటికీ ముందు నిలబడింది. సందుల్లో కుక్కిన పాత చీర కొస పట్టుకొని మెల్లగా లాగింది. మసి పట్టి, బిరుసెక్కి, సందు ఆకారంలోనే వంకరతిరిగి వచ్చింది. గడియ తీసి రెక్క జానెడు తెరిచింది. గాలి వచ్చింది. ఆ గాలిలో పుల్లటి వాసన ఉంది, పొగ లేదు.

చీరను పారెయ్యలేదు. నాలుగు మడతలు పెట్టి, చెయ్యి చాస్తే అందేటట్టు కిటికీ గూట్లోనే పెట్టుకుంది.